మధురవాణి బువ్వ సంగతి

గత ఆదివారం సాయంత్రం సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో మా పాత ఇంటి మేడమీద ‘కన్యాశుల్కం’ చలనచిత్రం చూశాం. నా విద్యార్థులు పన్నెండుమంది, వీధిలోని పెద్దలు నలుగురైదుగురు. గోడకు తెల్లదుప్పటి కట్టి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరుతో వేసుకున్న ప్రదర్శన. స్టేషన్ పక్కనే గనుక కొన్ని సంభాషణలు రైలు కూతల్లో కలిసిపోయాయి. సినిమా ముగిశాక మొదలైన వాదన మాత్రం రాత్రి పదకొండు దాటినా తెగలేదు.

మొదట్లో అభిప్రాయాలు ఊహించినట్లే చీలాయి. గిరీశం పాత్రలో ఎన్.టి. రామారావు మరీ అందంగా ఉన్నాడని, ఆ అందమే గిరీశంలోని ప్రమాదాన్ని మింగేసిందని ఒక వర్గం. రంగస్థలంమీద జె.వి. రమణమూర్తి గిరీశాన్ని చూసిన ఒక పెద్దాయన ఆ మాటకు గట్టిగా తల ఊపాడు. మోసగాడు ముచ్చటగా ఉంటేనే గదా మోసం సాగేదని ఇంకొక వర్గం. లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు, రామప్ప పంతులుగా సి.ఎస్.ఆర్. విషయంలో భేదాభిప్రాయం లేదు. సావిత్రి మధురవాణి విషయంలో అసలే లేదు. ఏడంకాల నాటకాన్ని ఒక సినిమా నిడివికి కుదించినప్పుడు పి. పుల్లయ్య వేటిని వదులుకున్నాడన్నది తరువాతి ప్రశ్న. గురజాడ వేరుగా రాసిన ‘పూర్ణమ్మ’ గేయాన్ని సినిమాలో చేర్చడం నాకు మొదటినుంచీ ఇబ్బందే. నాటకంలోని నవ్వు కఠినమైనది, కన్నీటితో దాన్ని మెత్తబరచవలసిన అవసరం లేదు. ఆ పాట దగ్గరే తన కళ్లు చెమర్చాయని ఒక విద్యార్థిని చెప్పింది. ఆమెతో వాదించలేదు.

అప్పుడు పాలమూరు నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి అడిగాడు: “సార్, ఇందులో మేమెక్కడున్నాం?”

ఈ ప్రశ్నకు తరగతి గదిలో నేను పదిహేనేళ్లుగా ఒకే సమాధానం చెబుతున్నాను. ‘కన్యాశుల్కం’ తెలుగు సమాజపు దురాచారంపై ఎక్కుపెట్టిన నాటకమని. ఆ రాత్రి ఆ వాక్యం నోట్లోంచి రాలేదు. ఎందుకంటే అది నిజం కాదు. గురజాడ స్వయంగా అంత పెద్దమాట అనలేదు. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో సేకరింపజేసిన లెక్కను ఆయన ముందుమాటలో ఉదహరించాడు. మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలు. అవన్నీ సామాన్య బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగినవని స్పష్టంగా రాశాడు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడి, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా కొత్త రూపుదాల్చిన ఆ నాటకం అగ్రహారపు ఇంటిగుట్టు. నియోగి వైదికులను వెక్కిరించాడన్న పాత ఆరోపణ అటుంచితే, తన సామాజిక వర్గపు చెత్తను తానే వీధిలోకి ఊడ్చిన రచయిత ధైర్యం చిన్నది కాదు. దాన్ని ‘తెలుగుజాతి’ కథగా మార్చినవాళ్లు తరువాతివాళ్లు. నాలాంటి ఆచార్యులు.

మా ఇళ్లలోనూ ఓలి ఉండేది. కానీ ఆ పేరుతో చేతులు మారిన సొమ్ముకూ, అగ్రహారంలో చేతులు మారిన రూపాయలకూ అర్థం ఒకటి కాదు. ఆడపిల్ల చేతికష్టం ఒక ఇంటినుంచి మరొక ఇంటికి పోతున్నందుకు ఇచ్చేది ఓలి. దాన్ని ఆదర్శంగా చెప్పను, అందులోనూ పిల్ల ఇష్టాన్ని అడిగినవారు తక్కువ. అయితే మొగుడు పోతే ఆమెకు మారుమనువు ఉండేది. గుండు గీయించి మూల కూర్చోబెట్టే ఆచారం మాకు లేదు. బుచ్చమ్మ పెళ్లి పెద్ద విప్లవంగా కనిపించాలంటే ప్రేక్షకుడు అగ్రహారంలో పుట్టి ఉండాలి. మా నాయనమ్మకు అది రెండో మనువు. ఎవరూ నాటకం రాయలేదు.

సినిమా విడుదల తేదీ 1955 ఆగస్టు 26. హిందూ వివాహ చట్టం అమలులోకి వచ్చింది అదే ఏడాది మే 18న. అప్పటికి అగ్రహారాల్లో కన్యాశుల్కం పోయి వరకట్నం స్థిరపడింది. గతించిన తప్పు గనుక హాయిగా నవ్వడానికి వీలైంది. ఆ ఏడు ఈ సికింద్రాబాద్ ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. ఓలి తీసుకున్న కులాలు కూడా చదువుకొని ఉద్యోగాల్లోకి వచ్చేకొద్దీ కట్నం నేర్చుకున్నాయి. ‘పైకి రావడం’ అన్నమాటకు మనవాళ్లు చెప్పుకున్న అర్థాల్లో ఇదొకటి.

ఇవన్నీ నేను కొంత ఆవేశంగానే చెబుతున్నాను. అంతవరకూ మాట్లాడకుండా కూర్చున్న ఎదురింటి పెద్దమ్మ అందుకుంది. “అదంత సరే బిడ్డా. ఆ పాటలు పాడే పిల్ల అందరి కొంపలు నిలబెట్టింది గదా. రేపటి నుంచి ఆమెకు బువ్వ ఎట్ల?”

ఎవరికీ జవాబు తోచలేదు.

నాటకం చివర సౌజన్యారావు పంతులు మధురవాణికి భగవద్గీత ఇస్తాడు. దాన్ని మహోన్నత ఘట్టంగా నేను ఎన్నిసార్లు బోధించానో. వేశ్య ముఖం చూడనని వ్రతం పట్టిన పెద్దమనిషి ఆమెకు ఇవ్వగలిగినది ఒక పుస్తకం. సంస్కరణ వితంతువుకు పెళ్లిని, ఆశ్రమాన్ని, చదువును ఊహించింది. కళావంతుల స్త్రీకి మాత్రం మానేయమని చెప్పింది. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ అంకితాన్ని నిషేధించిన చట్టం 1947లో వచ్చింది. చట్టం అవసరమే. కానీ ఆటపాటలతోపాటు జీవనాధారమూ పోయిన ఇళ్లు గోదావరి, కృష్ణా తీరాల్లో ఎలా బతికాయన్నది మన సంస్కరణ చరిత్రలో ఎక్కువగా రాయని అధ్యాయం. మధురవాణి తెలివికి చప్పట్లు కొట్టిన ప్రేక్షకులు ఆమె కులాన్ని మాత్రం తిట్టుమాటగానే ఉంచుకున్నారు.

పెద్దమ్మ ప్రశ్న వెనక ఇంకొక సంగతి ఉంది. వాళ్ల మేనత్త జోగిని. సంగీతం లేదు, మేడ లేదు, గిరీశాలతో సరసోక్తులు లేవు. దళిత బాలికను దేవత పేరిట ఊరికి విడిచిపెట్టడమే ఆ ఆచారం. దానిపై పోరాడినవాళ్లు ఈ జంటనగరాల్లోనే ఉన్నారు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ హరికథలతో, సభలతో తన జనం మధ్య తిరిగి చెప్పిన మాటల్లో ఇదీ ఒకటి. సికింద్రాబాద్‌లో అరిగె రామస్వామి అదే పని చేశాడు. గురజాడ తన కులానికి చేసిన పని వీళ్లు తమ వాళ్లకు చేశారు. ఆయన పాఠ్యగ్రంథమయ్యాడు, వీళ్లు జయంతి సభల్లో మిగిలారు. ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ, జోగిని అంకితాన్ని నిషేధించే చట్టం 1988 దాకా రాలేదు.

అందుకని గురజాడను పక్కన పెట్టమంటానా? అనను. కులం కలలో తారుమారైతే రాజు ఏమవుతాడో ‘లవణరాజు కల’లో రాసినవాడు ఆయనే. పాలమూరు విద్యార్థికి నా ప్రతి ఇచ్చాను. పనివాడు అసిరిగాడు ఎక్కడెక్కడ మాట్లాడతాడో, ఎవరు వింటారో గీతలు పెట్టుకొని రమ్మన్నాను. ఈ ఏడాది ప్రశ్నపత్రంలో ‘గిరీశం పాత్ర చిత్రణ’కు బదులు పెద్దమ్మ అడిగిన ప్రశ్న పెట్టాలనుకుంటున్నాను. పాఠ్యప్రణాళికా సంఘంలో సహచరులు ఒప్పుకుంటారో లేదో. మార్కులు ఎలా వేయాలో నాకూ ఇంకా తెలియదు.