ఊళ్లో ఓటరు, నగరంలో అద్దెదారు

2024 మే 13 పోలింగ్‌కు ముందు రెండు మూడు రోజులు విజయవాడ జాతీయ రహదారి సంక్రాంతికి కిక్కిరిసినట్టే కిక్కిరిసింది. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు ముందు కార్లు బారులు తీరాయి. హైదరాబాద్‌లో బతుకుతున్న ఆంధ్రావాళ్లు ఓటు కోసం సొంతూళ్లకు కదిలారు. ఆ రోజు ఆంధ్రప్రదేశ్‌లో 81 శాతం దాటి పోలింగ్ నమోదైంది. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 48 శాతం, మల్కాజిగిరిలో సగానికి కాస్త పైన ఓట్లు పడ్డాయి.

అంతకుముందు 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లోనూ ఇదే తేడా. పల్లెల నియోజకవర్గమైన మునుగోడులో 91 శాతం దాటితే హైదరాబాద్‌లోని యాకుత్‌పురాలో 40 శాతం కూడా రాలేదు. నగరవాళ్లకు బద్ధకమని, సెలవిస్తే ఇంట్లో పడుకుంటారని ప్రతి ఎన్నికకూ వినే మాట. దీన్ని ఒప్పుకోబుద్ధి కాదు. రాత్రంతా బస్సులో నిలబడి ఊరెళ్లి, మధ్యాహ్నం దాకా ఎండలో వరుసలో నిలుచున్నవాళ్లలో ఎంతోమంది ఈ నగరవాసులే.

ఊళ్లో ఓటరు చీటీ ఇచ్చేవాడు పేరు పెట్టి పిలుస్తాడు. నువ్వు రాకపోతే పెదనాన్న ఫోన్ చేస్తాడు, ‘ఎక్కడిదాకా వచ్చావురా?’ అని. సర్పంచ్ ఎన్నికలో పదీ పాతిక ఓట్ల తేడాతో ఫలితం తారుమారైన సందర్భాలు అందరికీ గుర్తే. పార్టీలు చార్జీలు పెడతాయి, డబ్బూ పంచుతాయి. అదీ నిజమే. కానీ డబ్బు పంచారన్న ఆరోపణ లేని ఎన్నిక నగరంలోనూ లేదు, అయినా అక్కడ పోలింగ్ కేంద్రాలు నిండడం లేదు. తన ఓటును ఎవరో లెక్కలోకి తీసుకుంటున్నారన్న నమ్మకమే మనిషిని పోలింగ్ కేంద్రం దాకా నడిపిస్తుంది.

ఓటు ఒక్కటే రాజకీయమైతే ఇక్కడితో ఆపేయవచ్చు. రాజకీయాల్లోకి జనం ఎలా వస్తారో చూడాలంటే నెల్లూరు జిల్లా దూబగుంటకు వెళ్లాలి. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం రాత్రిబడులు నడిపింది. పగలంతా కూలికి పోయివచ్చిన ఆడవాళ్లు పొద్దుగూకాక పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాచకంలో సీతమ్మ కథ ఉంది: ఊరి ఆడవాళ్లను కూడగట్టి సారా దుకాణం మూయించిన సీతమ్మ. అప్పటికే ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారే ప్యాకెట్ సారాను పల్లెపల్లెకూ చేర్చింది. మొగుడి కూలి డబ్బు సాయంత్రానికి ఎటు పోతోందో ఆ పాఠం చదివిన ప్రతి మనిషికీ తెలుసు. ఇంటింటా విడివిడిగా ఏడ్చుకున్న బాధ అక్కడ అందరి నోటా ఒకేసారి బయటికొచ్చింది. వర్ధినేని రోశమ్మ ముందు నిలబడింది, దుకాణం మూతపడింది. వార్త పక్క ఊళ్లకు పాకింది. చీపుళ్లూ కారప్పొడీ పట్టుకుని ఆడవాళ్లు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా రద్దయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. గెలుపు నిలవలేదు. అయినా ఆ స్త్రీలకు రాజకీయాల మీద ఆసక్తి ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగనక్కర్లేదు. రోజూ కలిసి కూర్చునే చోటు దొరికింది, ఎదురుగా తాము మూయించగల దుకాణం ఉంది.

హైదరాబాద్ అద్దె ఇంట్లో ఈ రెండూ లేవు. రెండేళ్లకోసారి ఇల్లు మారుతుంది, ఓటు మాత్రం పాత చిరునామాలోనే మిగులుతుంది. దాన్ని మార్చుకోవడానికి ఫారం 8 ఉంది. కానీ చిరునామా రుజువుగా అద్దె ఒప్పందం రాసివ్వడానికి చాలామంది యజమానులు జంకుతారు. కాలనీ సంక్షేమ సంఘాల్లో మాట సాగేది ఎక్కువగా ఇంటి యజమానులదే. నల్లా నీళ్లు రాకపోయినా, మురుగు పొంగినా అద్దెకున్నవాళ్లు సర్దుకుంటారు, లేదా ఇల్లు ఖాళీ చేస్తారు. పోలింగ్ రోజు జీతంతో సెలవివ్వాలని చట్టం ఉంది. ఆర్డరుకింతని సంపాదించే డెలివరీ కుర్రాడికి ఆ సెలవు ఇచ్చేదెవరు? 2020 డిసెంబరులో జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 46 శాతం పైచిలుకు ఓట్లే పడ్డప్పుడు కరోనా భయం కొంత ఉంది. మిగతా కారణాలన్నీ అంతకుముందూ ఉన్నవే, ఇప్పటికీ ఉన్నవే.

ఓటరు చైతన్య ర్యాలీలూ సినిమా తారల ప్రకటనలూ ఈ కారణాలను కదిలించలేవు. అద్దెకున్నవాళ్లను కాలనీ సంఘాల్లో సభ్యులుగా చేర్చుకోవాలి. వార్డు సమావేశం పనివేళల్లో కాకుండా ఆదివారం సాయంత్రం పెట్టాలి, ఆ వార్డుకొచ్చిన నిధులు ఏ వీధిలో ఖర్చయ్యాయో కాగితం మీద చూపించాలి. ఓటు మార్పిడి దరఖాస్తు తీసుకునే మనిషి కూడా అక్కడే కూర్చోవాలి.