ఫిష్ ఫైండర్ కొన్నాక అసలు పని మొదలు

పూరీ వెళ్లి జగన్నాథుణ్ణి దర్శించుకుని, స్వర్గద్వారం దగ్గర సముద్రస్నానం చేసి బండెక్కేసిన మనవాళ్లు చాలామందే ఉంటారు. అక్కడి నుంచి ఒడ్డు వెంబడి తూర్పుకి నడిస్తే పెంటకోట వస్తుంది. ఇసుక మీద వరసగా ఫైబర్ బోట్లు, వాటి నీడలో వలలు బాగుచేసుకునే మగవాళ్లు, ఎండుచేపలు తిరగేసే ఆడవాళ్లు, అందరి నోటా తెలుగే. ఆంధ్ర తీరం నుంచి తరాల కిందట వచ్చి పాతుకుపోయిన మత్స్యకారులు వీళ్లు. ఒడియావాళ్లు నోలియాలు అంటారు. మనం మిల్లు కాలనీల్లో తెలుగును ఎలా నిలబెట్టుకున్నామో వీళ్లు ఇసుక మీద అలా నిలబెట్టుకున్నారు.

మా అక్కను ఆ ఊరికే ఇచ్చారు. మా నాన్న సముద్రం వదిలి మిల్లులో చేరితే, నేను అదే మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఏడాదిలో రెండు మూడు నెలలు అక్క దగ్గరే ఉంటాను. వైర్ల పని తెలిసినవాణ్ణని బోట్లవాళ్లు పిలుస్తూ ఉంటారు. ఈ మధ్య ఎక్కువ పిలుపులు ఫిష్ ఫైండర్ల కోసమే. దాని అసలు పేరు ఎకో సౌండర్.

మన పత్రిక చదివే ఇళ్లలో చాలామందికి పూరీలోనో, గోపాల్‌పూర్‌లోనో, యానాంలోనో ఇలాంటి చుట్టాలున్నారు. వాళ్లు అప్పు చేసి ఈ డబ్బా కొంటారు. అప్పుకి జామీను కావాలంటే నెలజీతం ఉన్న మిల్లు చుట్టం గుర్తొస్తాడు. మా మేనల్లుడి డబ్బాకి సొసైటీలో జామీను సంతకం నాదే. కొన్న నెలకే వాడు ఫోన్ చేశాడు. "మావా, ఇందులో సేపలు కనపడవు. సుక్కలు, గీతలు తప్ప ఏటీ నేదు. తిరిగిచ్చెత్తానంటే దుకాణపోడు సగం రేటు కూడా ఇవ్వనన్నాడు." నేను వెళ్లి చూసేసరికి డబ్బా బాగానే ఉంది. బిగించిన చోటు బాగాలేదు, చూసే తీరూ తెలియలేదు. ఆ రెండింటి గురించే ఈ వ్యాసం.

ముందు అది చేసే పనేమిటో చెప్తాను. బోటు అడుగున ట్రాన్స్‌డ్యూసర్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది. దాని లోపల పింగాణీ బిళ్ల. కరెంటు తగిలితే ఆ బిళ్ల కంపించి, మన చెవికి అందని శబ్దాన్ని నీళ్లలోకి కొడుతుంది. శబ్దం నేలకి తగిలి తిరిగొస్తే అదే బిళ్ల దాన్ని పట్టుకుంటుంది. ఉప్పునీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది. వెళ్లి రావడానికి సెకనులో 25వ వంతు పట్టిందంటే మొత్తం నడిచింది 60 మీటర్లు, అంటే లోతు 30 మీటర్లు. ఈ లెక్కను డబ్బా సెకనుకి ఎన్నోసార్లు వేస్తూ, వేసిన ప్రతిసారీ తెర కుడి అంచున ఒక సన్నటి నిలువు గీత పెడుతుంది. పాత గీతలు ఎడమకి జరిగిపోతుంటాయి.

జర్మనీలో అలెగ్జాండర్ బెహ్మ్ 1913లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. చేపలవేటకి పనికొచ్చే యంత్రంగా జపాన్‌లో ఫురునో అన్నదమ్ములు 1948లో అమ్మకానికి తెచ్చారు. మన పెద్దవాళ్లకైతే గుండు కట్టిన తాడే సౌండర్. తాడు వదిలి, చేతులు చాచి కొలిచి, ఇన్ని బారలు అని చెప్పేవాళ్లు.

మా వాడి డబ్బాలో నేను మొదట చూసింది ఆ బార సంగతే. తెర మీద లోతు అడుగుల్లో ఉంది, వాడు దాన్ని మీటర్లనుకుంటున్నాడు. సెట్టింగులో అడుగులు, మీటర్లు, ఫాథమ్‌లు అని మూడుంటాయి. ఫాథమ్ అంటే ఆరడుగులు, అంటే మన బారే. అది పెట్టగానే బావగారు తెర వైపు వంగి, "ఇదిగో, ఇక్కడ పద్దెనిమిది బారలే ఉండాల" అన్నారు. పద్దెనిమిదే చూపించింది. ఆయనకి డబ్బా మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

నా అభిప్రాయంలో ఇది చేపల యంత్రం కన్నా ముందు నేల యంత్రం. దుకాణాల్లో ఈ మాట చెప్పరు, చెప్తే అమ్ముడుపోదు. తెర కింద పట్టీలా కనిపించేదే నేల. రాతినేల అయితే ఎకో బలంగా వస్తుంది. ఎంత బలంగానంటే నేల నుంచి పైకొచ్చి, నీటి పైభాగానికి తగిలి, మళ్లీ కిందికెళ్లి రెండోసారి వస్తుంది. అందుకే సరిగ్గా రెట్టింపు లోతులో ఇంకో నేల ఉన్నట్టు కనిపిస్తుంది. 20 మీటర్ల దగ్గర ఒక పట్టీ, 40 దగ్గర దాని నీడలాంటి ఇంకో పట్టీ ఉంటే కింద గట్టినేల అని అనుమానించాలి. బురద శబ్దాన్ని మింగేస్తుంది కాబట్టి రెండో పట్టీ రాదు, వచ్చినా పలచగా ఉంటుంది. సెన్సిటివిటీ బాగా పెంచేస్తే మాత్రం ఎక్కడైనా రెండో పట్టీ రావచ్చు, అందుకే ఒకే సెట్టింగులో ఉంచి పోల్చుకోవాలి.

ఇది ఎందుకంత ముఖ్యమంటారా? అడుగు వల రాతికి చిక్కుకుని చిరిగితే పోయేది ఒకరోజు వేట కాదు. మా అక్కావాళ్ల ఇంట్లో వలల మీద పెట్టిన డబ్బు ఈ డబ్బా ఖరీదు కంటే ఎక్కువ. వల వేసేముందు ఆ చోటు మీదుగా ఒకసారి నెమ్మదిగా బోటు నడిపి నేల చూసుకుంటే, చేప ఒక్కటి కనబడకపోయినా డబ్బా తన కూలి తాను తెచ్చుకున్నట్టే.

ఇక చేప. ట్రాన్స్‌డ్యూసర్ నుంచి శబ్దం గరాటు బోర్లించినట్టు కిందికి పోతుంది. 200 కిలోహెర్ట్జ్‌లో గరాటు సన్నం. దాని కోణం 20 డిగ్రీలైతే 30 మీటర్ల లోతున సుమారు పదిన్నర మీటర్ల వెడల్పు చూస్తుంది. 50 కిలోహెర్ట్జ్‌లో గరాటు పెద్దది, లోతుకీ పోతుంది, కానీ బొమ్మ మొద్దుగా ఉంటుంది. మన చిన్న బోట్లు తిరిగే లోతులకి 200 చాలు. బోటు సాగుతుంటే చేప ముందు గరాటు అంచులో పడుతుంది, అప్పుడు దూరం ఎక్కువ. మన కిందికి వచ్చినప్పుడు తక్కువ, దాటిపోతుంటే మళ్లీ ఎక్కువ. ఆ మూడూ కలిస్తే తెర మీద వంతెన కమానులాంటి వంపు వస్తుంది. బోటూ చేపా రెండూ కదలకపోతే వంపు రాదు, పొడుగాటి గీత వస్తుంది. "ఓరినాయనో, ఎంత పెద్ద సేపో" అని మా వాడు ఎగిరి గంతేసింది అలాంటి గీతను చూసే. గీత పొడుగుని బట్టి చేప పొడుగు చెప్పలేం. కవళ్లు, కానాగంతలు గుంపుగా ఉంటే వంపులు విడివిడిగా రావు, మబ్బు ముద్దలా వస్తుంది.

చేప ఒంట్లో శబ్దాన్ని బాగా తిప్పికొట్టేది కండ కాదు, లోపలి గాలితిత్తి. సొరలకీ టేకులకీ ఆ తిత్తి ఉండదు, రొయ్యకి అసలే లేదు. వాటి ఎకో మరీ నీరసం. తెర ఖాళీగా ఉందంటే సముద్రం ఖాళీగా ఉందని కాదు. జెల్లీచేపలు, నలుసులు, గాలిబుడగలు కూడా మచ్చలుగా కనిపిస్తాయి. చేపబొమ్మలు చూపించే సెట్టింగు ఒకటుంటుంది, దాన్ని ఆపేయమంటాను. ఆకునీ బుడగనీ కూడా చేపబొమ్మ చేసి చూపించి ఆశ పెడుతుంది. ఇంకో సంగతి, తెరలో ఎడమపక్క కనిపించే చేప బోటుకి ఎడమన ఉన్నట్టు కాదు. అది మనం దాటొచ్చిన చేప. ఇప్పుడు కింద ఉన్నది కుడి అంచున ఉన్నదొక్కటే.

సెన్సిటివిటీ అంటే చెవి అనుకోండి. లూమ్ ఖాతాలో పక్కవాడి మాట వినపడాలని చెవి రిక్కిస్తే మాటతోపాటు మగ్గాల రొద కూడా రెట్టింపు వినిపిస్తుంది కదా. ఇదీ అంతే. తెరంతా చుక్కలు పడేదాకా పెంచి, చుక్కలు పలచబడేదాకా కాస్త తగ్గించి వదిలేయాలి. చుక్కలు బొత్తిగా లేకుండా శుభ్రంగా కావాలనుకుంటే వాటితోపాటు చేపలూ పోతాయి.

మా వాడి బోటులో చుక్కలకి కారణం వేరు. ట్రాన్స్‌డ్యూసర్‌ని బోటు వెనక పలకకి బిగించారు, అదీ అడుగున ఉన్న ఒక గట్టు వెనకాలే. గట్టు రేపే నురగంతా దాని మీదికే వస్తోంది. నీళ్లలో శబ్దానికి గాలిబుడగ గోడలాంటిది. వెనక పలకకే బిగించాలంటే గట్లకి, మేకులకి దూరంగా, ఫ్యాను రెక్క కిందికి దిగే వైపు పెట్టాలి. వెనక నుంచి చూస్తే ఫ్యాను గడియారం ముల్లులా తిరిగే ఇంజనుకి అది కుడివైపు. కానీ పెంటకోటలో ఇంకో చిక్కుంది. ఇక్కడ జెట్టీ లేదు. కెరటాల మీద బోటుని తెచ్చి ఇసుక మీదికి లాగుతారు. వెనక పలకకి వేలాడే ముక్క ఎన్నాళ్లు ఆగుతుంది? బ్రాకెట్ అప్పటికే ఒకసారి విరిగి తీగతో కట్టి ఉంది.

అందుకని లోపల అంటించాం. అడుగు గట్టి ఫైబర్ అయితే శబ్దం దానిగుండా పోతుంది, కొంచెం బలం తగ్గుతుంది అంతే. మధ్యలో ఫోమ్ గానీ చెక్క గానీ ఉంటే పోదు. అంటించేముందు పరీక్ష చేయాలి. పట్టున్న ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి, అందులో ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి, తడి అడుగు మీద ఆనించి లోతు చూడాలి. తర్వాత దాన్నే బయట నీళ్లలో వేలాడదీసి చూడాలి. రెండు లెక్కలూ కలిసి, బొమ్మ బాగా ఉన్న చోటే అంటించాలి. ఫైబర్‌ని గరుకుకాగితంతో రుద్ది, నెమ్మదిగా గట్టిపడే రెండు డబ్బాల ఎపాక్సీ కలిపి, ట్రాన్స్‌డ్యూసర్‌ని తిప్పుతూ అదిమి కింద బుడగ లేకుండా చూడాలి. బుడగ మిగిలితే చేసిన పనంతా వృథా. ఇలా అంటించాక తెర మీది వేడి లెక్క నీళ్లది కాదు, ఫైబర్‌ది. దాన్ని పట్టించుకోవద్దు.

రెండో కారణం వైర్లు. డబ్బాకి కరెంటు ఇంజను వైర్లలోంచి తీసి, ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్‌ని వాటితోనే కలిపి చుట్టేశారు. బోటుని నీళ్లలో ఆపి ఇంజను బంద్ చేయగానే చుక్కలు మాయమయ్యాయి. అంటే రొద ఇంజనుదే. బ్యాటరీ నుంచి నేరుగా వేరే జత వైర్లు లాగి, కేబుల్‌ని బోటు రెండో పక్క నుంచి తెచ్చాం. ఆ కేబుల్ పొడుగెక్కువైతే చుట్టచుట్టి పెట్టాలి గానీ కోయకూడదు. ఫ్యూజు డబ్బా పుస్తకంలో చెప్పినంతే వేయాలి. మిల్లులో ఫ్యూజు బదులు రాగితీగ చుట్టే మహానుభావుల్ని చాలామందిని చూశాను. సముద్రం మధ్యలో వైరు అంటుకుంటే ఫైర్ బకెట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చే వార్డు ఉండదు.

తాడు లాగి స్టార్టు చేసే చాలా ఇంజన్లలో బ్యాటరీ ఛార్జి అవదు. ఒడ్డున ఛార్జి చేసి మోసుకెళ్లాలి. ఛార్జి తీసి కాసేపు ఆగాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12కి దిగితే పావువంతే మిగిలినట్టు. వోల్టు పడిపోతే డబ్బా దానంతటదే ఆగి మొదలవుతుంది. దాన్నే "సెట్టు చెడింది" అని దుకాణానికి మోసుకెళ్లినవాళ్లున్నారు.

ఇక రోజువారీ సంరక్షణ. ఇది మా అక్క చేతిలో పెట్టాం, మగవాళ్లు వేట నుంచి వచ్చి పడుకుంటారు కాబట్టి. డబ్బా ఊడదీసి, మంచినీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో ఉప్పు తుడవాలి. కిరసనాయిలు, పెట్రోలు, థిన్నర్ తెరకీ ట్రాన్స్‌డ్యూసర్‌కీ తగలకూడదు, ప్లాస్టిక్ తినేస్తాయి. తడి ఆరకుండా ప్లాస్టిక్ కవరులో మూట కడితే లోపల చెమ్మ పడుతుంది. ప్లగ్గు పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే కరెంటు తీసి స్పిరిటుతో, పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. ఇంజను గ్రీజు పనికిరాదు. మిల్లులో దూది నూగు కాంటాక్టుల్లో చేరి ఎంత ఏడిపించేదో ఇక్కడ ఉప్పు అంత ఏడిపిస్తుంది. బోటు ఇసుక మీద ఉన్నప్పుడు డబ్బా వేసి ఉంచకూడదు, నీళ్లు లేకుండా కొడితే బిళ్ల పాడయ్యే ప్రమాదముంది. యానాంలోలా బోట్లు గోదావరి నీళ్లలోనే ఉండిపోయేచోట, బయట బిగించిన ట్రాన్స్‌డ్యూసర్‌కి నాచూ గవ్వపురుగులూ పడతాయి. చెక్కముక్కతో గీకాలి, కత్తితో కాదు.

కెరటాలు దాటేటప్పుడు మాత్రం తెర చూడొద్దని పిల్లలకి గట్టిగా చెప్పాలి. నురగలో అది చూపేదంతా తప్పే, కళ్లు కెరటం మీద ఉండాలి. చేపలు ఏ దిక్కున దొరకొచ్చో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడి, రంగు చూసి తెలుగులో కూడా సమాచారం ఇస్తుంది. అది దిక్కు చెప్తుంది, డబ్బా కాళ్ల కిందిది చెప్తుంది. దేవీ నది మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం ఉన్న హద్దు మాత్రం ఎకో సౌండర్‌లో కనపడదు. దానికి జీపీఎస్ ఉండాలి.

మా వాడిప్పుడు ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టాడు. ఒడ్డు మీది గుర్తులు బావగారు చెప్తే, బారల లెక్క, రెండో పట్టీ ఉందా లేదా అన్నది తెర చూసి వాడు రాస్తాడు. నేను అక్కడున్న నెలా పదిహేను రోజుల్లో వల ఒక్కసారీ రాతికి తగల్లేదు. వాయిదాలు ఇంకా పద్నాలుగున్నాయి.