మీకు తెలుసా? కాషాయం కట్టిన అణు శాస్త్రవేత్త

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నెలకొల్పింది ఒక సన్న్యాసి!

ఆయన స్వామి జ్ఞానానంద. ఊరు భీమవరం దగ్గరి గొరగనమూడి. హిమాలయాల్లో తపస్సు చేసి జర్మనీ వెళ్లిన ఈ యోగి అక్కడ భౌతికశాస్త్రం వైపు మళ్లారు. న్యూట్రాన్‌ను కనుగొన్న జేమ్స్ చాడ్విక్ దగ్గర, లివర్‌పూల్‌లో పరిశోధన చేశారు. ఆయన స్వదేశానికి తిరిగొచ్చాక, విశాఖలోని విశ్వవిద్యాలయంలో అప్పటికే ఉన్న ఫిజిక్స్ శాఖకు తోడుగా 1956లో ఈ కొత్త శాఖ మొదలైంది.

పాత శాఖ బలం కాంతి, స్ఫటికాలు. ఆ శాఖ ఆచార్యుడు సూరి భగవంతం, టి.వెంకటరాయుడుతో కలిసి, స్ఫటికాల సౌష్ఠవాన్ని వివరించే గణితమైన గ్రూప్ థియరీపై రాసిన గ్రంథాన్ని 1948లో విశ్వవిద్యాలయమే ప్రచురించింది.

కొత్త శాఖ పరిశోధకులు భువనేశ్వర్‌లోని యాక్సిలరేటర్ ఇచ్చే ప్రోటాన్ పుంజంతో, మధుమేహానికి వాడే ఔషధ మొక్కల్లోని సూక్ష్మ మూలకాలను కొలిచారు.