బీటా వదిలాక స్టేబుల్ అప్‌డేట్ ఎక్కడం లేదా? ముందు తేదీ చూడండి

"అన్నా, స్టేబుల్ ఫైల్ నాలుగుసార్లు సైడ్‌లోడ్ చేసినా, ఫెయిల్ అంటుంది. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి ఫ్లాష్ చేసేదా?"

కుప్పంలో బీటెక్ చదువుతున్న మా చిన్నాన్న కొడుకు మెసేజ్. నేను మదనపల్లెలో కుప్పం బస్సెక్కి కూర్చున్నాను. "నేనొచ్చేదాకా ఫోన్ ముట్టుకోవద్దురా" అని రిప్లై ఇచ్చా. బూట్‌లోడర్ అన్‌లాక్ అంటే ఫోన్‌లో ఉన్న డేటా మొత్తం పోతుంది. పుంగనూరు దగ్గర సేద్యం చేసే చిన్నాన్న, మదనపల్లె మార్కెట్లో టమాటా అమ్మిన ప్రతిసారీ మండీ చీటీ ఫోటో తీసి వీడికే పంపుతాడు. స్టోరేజ్ నిండితే తన ఫోన్‌లోవి డిలీట్ చేసేస్తాడు. సీజన్ లెక్క ఇంకా తేలలేదు.

పుంగనూరులో బస్సు ఆగినప్పుడు వాడి స్క్రీన్‌షాట్లు చూశా. ఫోన్‌లో ఉన్న బీటా బిల్డ్ కొత్తది, డౌన్‌లోడ్ చేసిన స్టేబుల్ ఫైల్ దానికంటే పాతది. అంతే సంగతి! ఓటీఏ ఫైల్ తయారైన సమయాన్ని ఆండ్రాయిడ్ ఫోన్‌లోని బిల్డ్‌తో పోల్చుకుంటుంది. పాతదైతే, పేరు స్టేబుల్ అయినా సరే, తీసుకోదు. నాలుగుసార్లు కాదు, నలభైసార్లు చేసినా అదే ఎర్రర్. పిక్సెల్ లాంటి ఫోన్లలో బిల్డ్ నంబర్ మధ్యలోని ఆరు అంకెలు చూస్తే తేదీ అంచనా దొరుకుతుంది. 250505 అంటే 2025 మే 5 అన్నమాట.

పిక్సెల్‌లో బీటా నుంచి బయటికి రాగానే ఒక 'అప్‌డేట్' వస్తుంది. జాగ్రత్త, అది డౌన్‌గ్రేడ్. ఇన్‌స్టాల్ చేస్తే డేటా ఖాళీ. దాన్ని వదిలేసి, మీ బీటా తర్వాతి స్టేబుల్ వచ్చేదాకా ఆగితే ఏమీ పోదు. కొన్నిసార్లు వెనక్కి దారే ఉండదు. 2022లో పిక్సెల్ 6 సిరీస్‌కి ఆండ్రాయిడ్ 13 ఎక్కించినవాళ్లు మళ్లీ 12కి వెళ్లకుండా బూట్‌లోడర్‌కి యాంటీ-రోల్‌బ్యాక్ పెట్టారు.

కుప్పంలో వాడి రూమ్‌కి వెళ్లగానే మొదటి మాట: "గూగుల్ బ్యాకప్ ఉంది కదన్నా, భయమెందుకు?" నిజం చెప్పాలంటే ఒకప్పుడు నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్‌లో తీసిన బ్యాకప్, పాత వెర్షన్ ఉన్న ఫోన్‌లో రీస్టోర్ కాదు. వాడు ఫ్లాష్ చేయబోయింది పాత వెర్షనే. కేబుల్ పెట్టి డీసీఐఎం ఫోల్డర్, ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోని మీడియా కింద ఉండే వాట్సాప్ ఫోల్డర్ లాప్‌టాప్‌లోకి లాగాం. చీటీలు అన్నీ ఉన్నాయి.

యూపీఐ సంగతి కూడా చెప్పాను. డేటా తుడిచాక యాప్‌ని మళ్లీ రిజిస్టర్ చేయాలంటే ఆ సిమ్ నుంచే ఎస్సెమ్మెస్ వెళ్లాలి. వాడి రీచార్జ్ అయిపోయి రెండు రోజులైంది! రూమ్ వైఫైతో నెట్టుకొస్తున్నాడు.

ఫ్లాష్ మానేసి ఆగాడు. మూడో వారంలో కొత్త స్టేబుల్ వచ్చింది, డేటా పోకుండా ఎక్కింది. చిన్నాన్న మాత్రం ఆగలేదు. చీటీల ఫోటోలు నా చేత పంపించుకుని, పుంగనూరు జిరాక్స్ షాపులో ప్రింట్లు తీయించి, ఆ వారమే మండీకి పట్టుకెళ్లాడు.