మంచుకూ ఎండకూ మధ్య ఆపిల్ తోటలు

ఆపిల్, బేరి చెట్లు చలికాలంలో ఆకు రాల్చి సుప్తావస్థలోకి వెళ్తాయి; సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో గడిచే గంటలు తగినన్ని సమకూరితేనే వసంతంలో మొగ్గలు సమంగా విచ్చుకుంటాయి. హిమాచల్‌ప్రదేశ్‌లో విస్తారంగా సాగయ్యే డెలిషియస్ రకాలకు ఇటువంటి గంటలు దాదాపు వెయ్యి కావాలి కనుక, శీతాకాలాలు వేడెక్కేకొద్దీ దిగువ కొండల తోటలు దెబ్బతిని, సాగు కిన్నౌర్, లాహౌల్-స్పితి వంటి ఎత్తైన ప్రాంతాలకు జరుగుతోంది.

వెచ్చదనానికి పూత ముందుగా రావడం మరో ప్రమాదం. విచ్చుకున్న పువ్వుకు మైనస్ 2 డిగ్రీల వద్దే నష్టం మొదలై, మైనస్ 4 వద్ద పూత చాలావరకు నశిస్తుంది. దీని నివారణకు చెట్లపై నీటిని ఎడతెగకుండా చిలకరిస్తారు. ప్రతి గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు గుప్తోష్ణంగా, అంటే స్థితి మారేటప్పుడు వెలువడే వేడిగా, దాదాపు 80 కెలొరీలను విడుదల చేయడం వల్ల మంచు పొరలోని మొగ్గ సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. అయితే చిలకరింపు మధ్యలో ఆగితే, నీరు ఆవిరవుతూ మొగ్గలోని వేడిని లాగేసుకుని నష్టాన్ని పెంచుతుంది.

వేసవిలో పండు ఉపరితలం సుమారు 46 డిగ్రీలు దాటితే ఎండకు తొక్క కమిలిపోతుంది కనుక నీడ వలలను, కేయొలిన్ అనే తెల్లమట్టి పిచికారీని వాడతారు. ఈ ఉపాయాలన్నీ ఉన్న చెట్లను కాపాడేవే. చలి తగ్గుతున్న చోట కొత్తగా నాటేవారికి మాత్రం తక్కువ చలితో సరిపెట్టుకునే అన్నా, డార్సెట్ గోల్డెన్ వంటి రకాలే అనువైనవి.