కత్తెరకి కంట్రోల్ జెడ్ ఉండదు

మొన్న ఆదివారం హాస్టల్లో నా గది తలుపు సాయంత్రం దాకా తెరిచే ఉంచాను. ఓపెన్ స్టూడియో అన్నమాట. ఎగ్జిబిషన్లో పూర్తయిన బొమ్మలే గోడ మీద ఉంటాయి. ఇక్కడ సగంలో ఉన్నవి కూడా బల్ల మీదే ఉంటాయి. చేసినవాడూ పక్కనే ఉంటాడు, ఏదైనా అడగొచ్చు.

నేను చేసేది కొలాజ్. ఫ్రెంచిలో 'కొలే' అంటే అంటించడం. 1912లో పికాసో, కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కని బొమ్మలో అంటించి, చుట్టూ తాడు బిగించాడు. అదే ఏడాది బ్రాక్, చెక్కలా కనిపించే వాల్‌పేపర్ కోసి బొగ్గు గీతల పక్కన అతికించాడు. గీసిన గీతకి గతం ఉండదు. అతికించిన ముక్క మాత్రం తన పాత బతుకుని వెంట తెచ్చుకుంటుంది.

నా కొత్త పని తాతయ్య పంచాంగాలతో. ఆయన పోయాక అమ్మ అటక సర్దుతుంటే దొరికాయి. అంచుల్లో సిరా పెన్నుతో కూలి లెక్కలు, ఎరువు బస్తాలు, ఎవరికి ఎంత బాకీ. తొందరపడి మొదటి పేజీని మైదా జిగురుతో అట్టకి అంటించేశాను. చూస్తుండగానే సిరా పాకింది. ఒక లైను మొత్తం పోయింది. ఆ రాత్రి మళ్ళీ కత్తెర ముట్టుకోలేదు.

తర్వాత నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయి. సిరా తడికి కరిగిపోతుంది. జిరాక్స్ టోనర్ ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి కాగితానికి పట్టేస్తుంది కాబట్టి చెదరదు. అందుకే చేతిరాతకి జిరాక్స్, అచ్చు భాగానికే అసలు కాగితం. తడిస్తే కాగితం నార ఉబ్బి ముడతలు పడుతుంది. జిగురు పల్చగా రాసి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి (మన మ్యాథ్స్ టెక్స్ట్‌బుక్ చక్కగా సరిపోతుంది). న్యూస్ పేపర్లో లిగ్నిన్ ఎక్కువ, ఎండకి పసుపెక్కుతుంది. కిటికీకి ఎదురుగా పెట్టకండి.

ఆ మరక మీద ఇంకో ముక్క వేసి కప్పేద్దామనే అనుకున్నాను. ఆదివారానికి పూర్తి కాక అలాగే ఉంచేశా. వచ్చినవాళ్ళలో ఒక జూనియర్ అక్కడే ఆగి అడిగాడు: "అన్నా, ఇక్కడ ఏముండేది?"

"బోరు తవ్వినవాళ్ళకి ఇచ్చిన డబ్బు లెక్క" అన్నాను. ఎంతో మాత్రం గుర్తు రాలేదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి అడిగాను. తనకీ తెలియదంది. మరక కింద పెన్సిల్‌తో 'బోరు' అని రాసి, పక్కన అంకె ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలాను. ఇక దాన్ని కప్పను.