పొరపడ్డప్పుడే కనిపించే యంత్రం

యాగంటి ఉమామహేశ్వరుడి హుండీలో వేయబోయే రూపాయిని ఒక్క క్షణం ఆపి, సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో పుట్టింది. వజ్రం గుర్తు ఉంటే ముంబయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఊరి పేరు తెలుస్తుంది గానీ దాన్ని ఒత్తిన యంత్రం ఎలా పనిచేసిందో మాత్రం తెలియదు. అది తెలిసేది యంత్రం పొరపడ్డ నాణెంలోనే. తప్పు నాణేలను దాచుకోవడానికి ధర కన్నా నాకు ఇదే పెద్ద కారణం.

హైదరాబాదు టంకశాల 1803లో సికందర్ జా కాలంలో సుల్తాన్‌షాహీలో మొదలైంది. అప్పట్లో కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో లోహపు బిళ్ళ, మీద సుత్తి దెబ్బ. ఏ రెండు నాణేలూ ఒకేలా ఉండేవి కావు. అచ్చులో సగం అక్షరాలు బిళ్ళ దాటి పోయినా ఎవరూ దాన్ని తప్పనలేదు. 1895లో ఐరోపా నుంచి యంత్రాలు వచ్చాయి. 1903లో టంకశాల సైఫాబాదుకు మారింది. చార్మినార్ బొమ్మ రూపాయిలు ఒకే కొలతతో, ఒకే అంచుతో రావడం మొదలైంది. అన్నీ ఒకేలా ఉండాలన్న నియమం వచ్చాకే ‘తప్పు నాణెం’ అనే మాటకు అర్థం వచ్చింది.

నాణేనికి గుండ్రటి అంచు ఇచ్చేది కాలర్ అనే ఉక్కు కట్టు. దెబ్బ పడ్డప్పుడు లోహం పక్కకు పారకుండా అది పట్టి ఉంచుతుంది. కాలర్ పైకి లేవకపోతే నాణెం పలచబడి వెడల్పవుతుంది. బిళ్ళ పక్కకు జరిగితే బొమ్మ ఒక మూలకు పోతుంది. ఒత్తిన నాణెం పై అచ్చుకే అంటుకుని ఉండిపోతే, తర్వాతి బిళ్ళ మీద ఒకవైపు బొమ్మ మామూలుగా, రెండోవైపు అదే బొమ్మ తిరగబడి లోపలికి దిగి ఉంటుంది. బొరుసే ఉండదు! ఇప్పటి ప్రెస్సులు నిమిషానికి వందల నాణేలు ఒత్తుతాయి కాబట్టి, ఇలాంటివి కొన్ని తనిఖీని కూడా దాటి బజారుకు వస్తాయి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది అంచు తెగిన నాణెం. చెక్కల పిండిని గిన్నెతో గుండ్రంగా కోసినట్టే, లోహపు రేకు నుంచి బిళ్ళలు కోస్తారు. రేకు చాలినంత ముందుకు జరగకపోతే కొత్త బిళ్ళలోకి పాత కంత చొచ్చుకువస్తుంది. ఆ తర్వాత అంచును ఉబ్బించే యంత్రంలో బిళ్ళ రెండు వైపుల నుంచీ నొక్కుకోవాలి. తెగిన చోట ఆనిక ఉండదు గనుక, దానికి సరిగ్గా ఎదుటి అంచు కూడా సాధారణంగా బలహీనంగానే మిగులుతుంది. ఇంట్లో ఆకురాయితో అరగదీసిన నకిలీకి ఈ లక్షణం రాదు. డబ్బిచ్చే ముందు ఎదుటి అంచు చూడండి.

దొరికినదాన్ని తోమకండి. చింతపండు, బూడిద, పళ్లపొడి అన్నీ పై పొరను గీసేస్తాయి. ఆ పొర మీదే అచ్చు జాడలుంటాయి. పసుపు కుంకుమ అంటుకుంటే స్వేదనజలంలో ముంచి, మెత్తటి గుడ్డ మీద రుద్దకుండా ఆరనివ్వండి. అంచులు పట్టుకునే తీయండి. బజారులో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు కాలక్రమంలో ఆమ్లాన్ని విడుస్తాయి. రాగి, నికెల్ నాణేలకు పచ్చటి జిగురు పడుతుంది. పాలియెస్టర్ పొర ఉన్న అట్ట చట్రాలు మేలు. నంద్యాల ఎండలకన్నా వానాకాలపు చెమ్మే ప్రమాదం. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, రంగు మారితే కొత్తది పెట్టండి.

హైదరాబాదు టంకశాల 1997లో చెర్లపల్లికి మారింది. సైఫాబాదు పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. యాగంటి నుంచి హైదరాబాదు వెళ్లేవారు తీరిక చేసుకుని దాన్ని చూడాలి. చేతిలోని వంకర నాణెం ఏ దశలో దారి తప్పిందో అక్కడి పాత యంత్రాల ముందు నిలబడితే ఇట్టే అర్థమవుతుంది.